ఊటీలో లేక్ వ్యూ గది

మా నాన్న తెనాలి పోస్టాఫీసులో పనిచేసేవారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఎల్‌టీసీ అని ఒకటి ఉంటుంది కదా, నాలుగేళ్ళ బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా కుటుంబంతో వెళ్ళి రావచ్చు, ఛార్జీలు గవర్నమెంటు ఇస్తుంది. నాన్న ఆఫీసులో వాళ్ళు కాశీ అనీ కన్యాకుమారి అనీ వెళ్ళొచ్చి ఫోటోలు చూపించేవాళ్ళు. మేము మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు, ఒక బ్లాకు మొత్తం అలాగే పోయింది, ఎందుకంటే ఎల్‌టీసీలో వచ్చేది టికెట్ల డబ్బులే. అక్కడ ఉండడానికి, తినడానికి, తిరగడానికి అయ్యేది మనమే పెట్టుకోవాలి. ఇంట్లో ఐదుగురం, ఒక్క జీతం. ఆ పైఖర్చుకి డబ్బు ఎప్పుడూ మిగిలేది కాదు.

అందుకని నాన్న అమ్మ పేరు మీద నెలకి యాభై రూపాయల ఆర్డీ కట్టారు, పోస్టాఫీసులోనే, ఐదేళ్ళది. అది 1997లో చేతికొచ్చింది, వడ్డీతో కలిపి నాలుగు వేల పైచిలుకు. 1994-97 బ్లాకుకి అదే ఆఖరి ఏడు కూడా. ఎక్కడికెళ్దాం అని నాన్న అడిగితే అమ్మ ఏమాత్రం ఆలోచించకుండా ఊటీ అంది. అమ్మకి అప్పటిదాకా కొండ మీద చలి అంటే తిరుమలలో డిసెంబరు చలే తెలుసు. ఊటీలో చూడాల్సినవి ఏవో ఉన్నాయని కాదు ఆవిడ కోరిక. మే నెలలో శాలువా కప్పుకుని, కిటికీ దగ్గర కూర్చుని, బయట కొండలో నీళ్ళో కనబడుతుంటే, మధ్యలో ఎవరూ పిలవకుండా ఒక గ్లాసు కాఫీ చల్లారకముందే మొత్తం తాగాలని. ఈ మాట అమ్మ నాతో చెప్పింది, నాన్నతో చెప్పినట్టు నాకు గుర్తులేదు, కానీ ఆయనకి తెలుసు. లేకపోతే హోటల్ గది కోసం అన్ని ఉత్తరాలు రాసేవారు కాదు.

అప్పట్లో దూరపు ఊళ్ళో హోటల్ బుక్ చెయ్యడమంటే మాలాంటి వాళ్ళకి ఉత్తరాలే. ఎస్‌టీడీ చేస్తే మీటరు గిర్రున తిరిగేది, పైగా అవతలివాళ్ళకి మన భాష రాదు. అంతకుముందు ఊటీ వెళ్ళొచ్చిన ఒకాయన దగ్గర నాలుగైదు హోటళ్ళ అడ్రసులు తీసుకుని, కార్బన్ పేపర్ పెట్టి ఇంగ్లీషులో ఉత్తరాలు రాశారు నాన్న. కొందరు జవాబే ఇవ్వలేదు, ఒకళ్ళు సీజన్‌లో ఖాళీల్లేవన్నారు. ఒక హోటల్ నుంచి మాత్రం రంగుల లెటర్‌హెడ్ మీద టైపు చేసిన జవాబు వచ్చింది, పైన సరస్సు బొమ్మతో సహా. ఫ్యామిలీ రూమ్, లేక్ వ్యూ, ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు, ఎక్స్‌ట్రా బెడ్ ఉచితం, రోజుకి 450 రూపాయలు, ఒక రోజు అద్దె ముందుగా పంపాలి. ఆ ఉత్తరం మా ఇంట్లో ఎవరెవరు ఎన్నిసార్లు చదివారో చెప్పలేను. ఇంగ్లీషు రాని నాయనమ్మ కూడా ఆ సరస్సు బొమ్మ చూస్తానని అడిగి తీసుకునేది. నాన్న ఒక రోజు అద్దె మనియార్డర్ చేశారు. కింద కూపన్ మీద వచ్చే తేదీ, మనుషుల లెక్క, పెద్దావిడ ఉన్నారన్న సంగతి పొందిగ్గా రాశారు. డబ్బు ముట్టినట్టు సంతకంతో అక్నాలెడ్జ్‌మెంట్ తిరిగొచ్చింది. లెటర్, రశీదు, అక్నాలెడ్జ్‌మెంట్ మూడూ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి సూట్‌కేసులో అన్నిటికంటే పైన పెట్టుకున్నారు. సంతకం చూసి మనియార్డర్లు, ముద్ర చూసి పాసుపుస్తకాలు ఇచ్చే ఉద్యోగం ఆయనది. కాగితం మీద రాసి సంతకం పెట్టాక ఇంక అది జరిగి తీరుతుందని ఆయన నిజంగా నమ్మేవారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగినదాంట్లో నాకు ఇప్పటికీ ఎక్కడ నొప్పో మీకు అర్థమవుతుంది.

ప్రయాణం మాత్రం ఎంత చెప్పినా తక్కువే. తెనాలిలో పొద్దున్నే పినాకిని ఎక్కి మద్రాసు (పేరు మారి చెన్నై అయింది అప్పటికే, మా నోళ్ళకి ఇంకా మద్రాసే), రాత్రి సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్, తెల్లారేసరికి మేట్టుపాళయం. పులిహోర పొట్లాలు, జంతికలు, సున్నుండలు, కందిపొడి, ఒక సీసా గోంగూర. నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు, అయినా బోగీలో అందరికంటే హుషారు ఆవిడదే. మేట్టుపాళయంలో పెద్ద రైలు దిగి అదే స్టేషన్‌లో నీలం, మీగడ రంగు చిన్న పెట్టెలున్న కొండ రైలు ఎక్కాలి. ఆవిరి ఇంజను. ముందు లాగదు, వెనక నుంచి నెడుతుంది. కల్లార్ దాటాక పట్టాల మధ్య పళ్ళున్న ఇంకో పట్టా వస్తుంది, ఇంజను కింద పళ్ళచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది, కూనూరు దాకా అంతే. పన్నెండు అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి, అంత వాలు. మధ్యమధ్యలో నీళ్ళకి ఆగుతుంది, జనమంతా దిగి టీలు తాగి, ఈల వెయ్యగానే పరుగెత్తుకొచ్చి ఎక్కుతారు. 46 కిలోమీటర్లకి ఇంచుమించు ఐదు గంటలు. తమ్ముడు పదహారు సొరంగాలూ లెక్కపెట్టాడు, ప్రతి సొరంగంలోనూ పెట్టెలన్నిట్లోంచి పిల్లల కేకలు. 1899లో కూనూరు వరకూ, 1908లో ఊటీ వరకూ ఈ లైను వేశారని నాన్న ముందే చదివి పెట్టుకున్నారు. ఎండాకాలంలో మద్రాసు గవర్నమెంటు మొత్తం ఊటీకి మారిపోయేదనీ, మన గుంటూరు జిల్లా కూడా అప్పుడు మద్రాసు కిందే కాబట్టి మన వ్యవహారాలు కూడా ఈ కొండల మీద కూర్చునే చూసేవాళ్ళనీ చెబుతుంటే, ఎదురు సీట్లో వాళ్ళు కూడా భాష రాకపోయినా ఆయన వైపే చూస్తున్నారు. నాన్న అంత మాట్లాడడం నేను అంతకుముందు చూడలేదు. ఇంట్లో ఆయన చాలా తక్కువ మాట్లాడే మనిషి. లవ్‌డేల్ దగ్గర చల్లగాలి లోపలికి కొట్టేసరికి అమ్మ కొత్త శాలువా తీసి కప్పుకుంది. నాన్న అది చూసి ఏమీ అనలేదు, నవ్వారు.

హోటల్‌కి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. బయటి నుంచి బాగానే ఉంది, ముందు పూలకుండీలు, మెట్లు, లెటర్‌హెడ్ మీదున్న అక్షరాలే బోర్డు మీద. కౌంటర్‌లో మేనేజరు రిజిస్టర్ తిరగేసి, మీ పేరు ఉంది, కానీ మీరడిగిన గది లేదు, వెనకవైపు ఒకటుంది, సీజన్ కాబట్టి 700 అన్నాడు. నాన్న కంగారు పడలేదు. పొరపాటు పడ్డాడేమో అనుకుని నెమ్మదిగా కవరు తీసి ఒక్కొక్క కాగితం కౌంటర్ మీద పరిచారు. ఇదిగో మీ ఉత్తరం, ఇదిగో రశీదు, ఇదిగో మీ సంతకం. ఆ మేనేజరు వాటి వైపు చూడనైనా చూడలేదు. వాటి మీద చెయ్యి పెట్టి పక్కకి జరిపి, మా వెనక నిలబడ్డ వాళ్ళతో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే అడ్వాన్సు తిరిగివ్వడం కుదరదు అన్నది ఇంగ్లీషులో అన్నాడు కాబట్టి నాకు అర్థమైంది. నాయనమ్మకి అర్థం కాలేదు. ఏమంటున్నాడురా అని నాన్నని అడిగింది. నాన్న ఏమీ లేదమ్మా, గది తుడుస్తున్నారట, కూర్చో అన్నారు.

అక్కడ ఆయన ముఖం ఎలా ఉందో ఈరోజుకీ నాకు తెలుసు, అది రాయలేను.

నన్ను తీసుకుని వేరే గది దొరుకుతుందేమోనని బయల్దేరారు. అది మే నెల, పూల ప్రదర్శన రోజులు. చారింగ్ క్రాస్ నుంచి బస్టాండ్ దాకా ఏ లాడ్జి ముందు చూసినా గదులు లేవు అన్న అట్టలే, లేదంటే మా బడ్జెట్‌కి రెండింతలు. సీజన్ రెండు నెలల్లో ఏడాది సంపాదన లాగాలని చూసే ఊరు అది, అందులో అందర్నీ తప్పుపట్టలేను, ఎత్తు మీద ఊరు, మిగిలిన నెలలు వానలు, చలి. కానీ ఉత్తరం రాసి, డబ్బు తీసుకుని, సంతకం పెట్టి, అదే గదిని బస్టాండ్‌లో దిగిన ఇంకెవరికో ఎక్కువకి ఇచ్చెయ్యడం వేరు. అలా జరిగిందని మాకు సాయంత్రానికి తెలిసింది.

ఎక్కడా దొరక్క చివరికి ఆ వెనకవైపు గదిలోనే దిగాం. సంగతి చెప్పిన వాళ్ళు పక్క గదిలో వాళ్ళు. కోయంబత్తూరు కుటుంబం, కానీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తరతరాల కింద అటు వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారని మాకు అప్పుడే తెలిసింది. వాళ్ళ మాటలో తమిళం యాస కలిసి, కొన్ని మాటలు మా నాయనమ్మ వాడేవాటికంటే కూడా పాతవి. ఆ ఇంటి పెద్దాయన నాన్నని వరండాలో చూసి, మీది ఆంధ్రానా అని పలకరించి, సంగతి విని, తనే కిందకి వెళ్ళి మేనేజరుతో తమిళంలో గట్టిగా మాట్లాడారు. గది మార్చలేదు గానీ అద్దె మాత్రం ఉత్తరంలో రాసిన 450కే ఒప్పించారు. ముక్కూ మొహం తెలియని మనిషి, మా కోసం అరగంట నిలబడి గొడవపడ్డారు. ఆయన లేకపోతే నాన్న ఆ ఆర్డీ డబ్బులన్నీ అక్కడే పోసి రావాల్సి వచ్చేది.

గది గురించి చెప్పాలి. హోటల్ వెనకవైపు కొండని నిలువునా చెక్కి రాతిగోడ కట్టారు, ఆ గోడకి మా కిటికీకి మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. గోడంతా పాకుడు, దాంట్లోంచి రాళ్ళ సందుల్లో నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎండ అనేది ఆ గదిలోకి కట్టినప్పటి నుంచి వచ్చి ఉండదు. నేల మీద ఈ మూల నుంచి ఆ మూలకి అంటించిన కార్పెట్టు, ఎప్పటిదో, కాలు పెడితే తేమ తెలుస్తోంది. రగ్గులు ముట్టుకుంటే చల్లగా, బరువుగా. కిందనే వంటగది, నూనె వాసన అంతా ఆ సందులోంచి పైకొచ్చేది, అందుకని కిటికీ తెరవడానికి లేదు, మూస్తే ముక్కిపోయిన వాసన. నాయనమ్మ మంచం మీద కూర్చుని పైకి చూసి ఫ్యానేదిరా అంది. ఊటీలో గదులకి ఫ్యాన్లు ఉండవు, అవసరం లేదు. ఆ ఒక్కటి హోటల్ వాడి తప్పు కాదు.

అమ్మ గుమ్మంలోనే నిలబడి కిటికీ వైపు ఒకసారి చూసింది. అంతే. తర్వాత కొంగు బిగించి, ఉన్న దుప్పట్లన్నీ తీసి, హోటల్ దుప్పట్ల మీద మావి పరిచి, రెండు మంచాలూ దగ్గరికి జరిపి, నాయనమ్మకి మధ్యలో చోటు చేసి, బాగానే ఉందండీ, పడుకోవడానికే కదా అంది నాన్నతో. అమ్మ అలా అనకుండా ఏదైనా విసుక్కుని ఉంటే నాన్నకి కొంచెం తేలికగా ఉండేదేమో అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు ఆయన ఏమీ మాట్లాడకుండా బయటికెళ్ళి వరండాలో చాలాసేపు నిలబడ్డారు.

అన్నిటికంటే పెద్ద కష్టం నీళ్ళు. బాత్రూంలో గీజర్ ఉంది, వైర్లు కత్తిరించేసి ఉన్నాయి. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే, కింద బాయిలర్ దగ్గర్నుంచి కుర్రాడు బకెట్‌తో తెస్తాడు, గదికి ఒక బకెట్, పైన కావాలంటే బకెట్‌కి పది రూపాయలు. ఊళ్ళో నీళ్ళకి కొరత అని చెప్పారు, అది నిజమే కావచ్చు. ఊటీకి ముఖ్యంగా పార్సన్స్ వ్యాలీ రిజర్వాయర్ నుంచి నీళ్ళొస్తాయి, వేసవిలో నీటిమట్టం తగ్గే రోజుల్లోనే జనం కూడా విరగబడి వస్తారు. మరి ఇరవై నాలుగు గంటలూ అని ఎందుకు టైపు చెయ్యాలి? మా నాయనమ్మ తెల్లవారుజామునే లేచి స్నానం చేసి, దీపం పెట్టుకుని గానీ మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. ఆవిడకి డెబ్బై ఏళ్ళు. ఆరింటి దాకా ఆగు అత్తయ్యా అని అమ్మ ఎంత చెప్పినా వినకుండా, మేము నిద్రలో ఉండగా ఆ చన్నీళ్ళే పోసుకుంది. మే నెలే అయినా తెల్లవారుజామున ఆ ఎత్తులో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. మేము లేచేసరికి రగ్గు కప్పుకుని వణుకుతూ కూర్చుంది. సాయంత్రానికి దగ్గు, రాత్రికి జ్వరం.

నాన్న కిందకి వెళ్ళి అడిగారు, పెద్దావిడకి జ్వరంగా ఉంది, ఒక ఫ్లాస్కు వేడినీళ్ళు ఇవ్వమని. వంటగది మూసేశాం అన్నారు. వంటగదిలో గిన్నెల చప్పుడు మాకు గదిలోకి వినబడుతూనే ఉంది. అప్పుడు ఆయన ఆ చలిలో ఫ్లాస్కు పట్టుకుని చారింగ్ క్రాస్ దాకా నడిచి, ఒక మలయాళీ టీకొట్టతను కొట్టు కట్టేస్తుంటే అడిగారట. అతను ఆర్పేసిన స్టవ్ మళ్ళీ వెలిగించి, నీళ్ళు కాచి ఇచ్చి, డబ్బులు తీసుకోలేదు. పైగా ఒక చిన్న సీసాలో నీలగిరి తైలం ఎక్కడ దొరుకుతుందో చూపించాడు. ఆ ఊళ్ళో అది ప్రతి కొట్లోనూ అమ్ముతారు, చుట్టూ కొండల మీద యూకలిప్టస్ తోటలే. రాత్రంతా అమ్మ నాయనమ్మ వీపుకీ పాదాలకీ ఆ తైలం రాస్తూనే ఉంది. ఆ వాసనకి గదిలో ముక్కిపోయిన వాసన కొంచెం అణిగింది. నాయనమ్మ మాత్రం జ్వరంలోనే, నా కొడుకు ఐదేళ్ళు కూడబెట్టి తీసుకొచ్చాడు, బాగాలేదని ఎవరూ అనకండి అని మమ్మల్నందర్నీ కలిపి హెచ్చరించింది. తమ్ముడికి తొమ్మిదేళ్ళు, వాడు అప్పటికే రెండుసార్లు అనేశాడు.

మిగతా ఊరు బాగుంది. బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన, పూలకంటే మనుషులే ఎక్కువ, అయినా అంత పచ్చిక నేను జీవితంలో చూడలేదు. 1848లో వేసిన తోట, రెండు కోట్ల ఏళ్ళ నాటిదని రాసిన రాయిగా మారిన చెట్టు మాను ఒకటి ఉంది, తమ్ముడు దాన్ని వదిలి రానన్నాడు. దొడ్డబెట్ట ఎక్కాం, 2,637 మీటర్లు, మబ్బు తప్ప ఏమీ కనబడలేదు, మబ్బు మన మీద నుంచి వెళ్ళిపోవడమే మాకు చాలా పెద్ద వింత. వర్కీలు కొన్నాం, బిస్కట్‌లాగా కరకరలాడే పొరలు, టీలో ముంచుకుని తినాలి. అరువు తెచ్చుకున్న కెమెరాతో నాన్న ఫోటోలు తీశారు. ముప్ఫై ఆరు బొమ్మల రీలు, లెక్కపెట్టుకుని తీసేవారు. ఆ ఆల్బమ్ ఇప్పటికీ ఉంది, అందులో హోటల్ ఫోటో ఒక్కటి కూడా లేదు.

ఒక పొద్దున నాన్న మమ్మల్ని నిద్రలేపకుండా అమ్మని తీసుకుని బయటికెళ్ళారు. నాకు మెలకువ వచ్చింది, నాయనమ్మ పక్కన ఉండమని సైగ చేసి వెళ్ళారు. తర్వాత అమ్మ చెబితే తెలిసింది. ఆ టీకొట్టు తెరిపించి ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని, చెరువు దగ్గరికి తీసుకెళ్ళారట. సరస్సు సరస్సు అంటారు గానీ అది సల్లివన్ అనే కలెక్టరు 1820లలో కట్టించిన చెరువే. బోట్‌హౌస్ ఇంకా తెరవలేదు, గుర్రాలవాళ్ళు కూడా రాలేదు, నీళ్ళ మీద పొగమంచు. గట్టు మీద కూర్చోబెట్టి, మూతలో కాఫీ పోసి ఇచ్చి, ఇదిగోనోయ్ నీ లేక్ వ్యూ అన్నారట. అమ్మ ఆ మాట చెబుతూ నవ్వేది. నాన్న ఆ మాట అన్నాక కళ్ళు తుడుచుకున్నారని మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, నా పెళ్ళయ్యాక చెప్పింది.

అనుకున్నదానికంటే ముందే ఊటీ వదిలేశాం. నాయనమ్మ జ్వరం తగ్గగానే కూనూరు దిగి, రిటర్న్ రైలు రోజు వరకూ అక్కడ ఒక చిన్న లాడ్జిలో ఉన్నాం. ఆ లాడ్జికి లెటర్‌హెడ్ కూడా ఉండి ఉండదు. నడిపేది ఒక పెద్దావిడ. తెల్లగా ఉతికిన దుప్పట్లు, ఎండ పడే గది, పెరట్లో కట్టెల బాయిలర్, తెల్లవారుజామున నాలుగున్నరకి ఆవిడే తలుపు కొట్టి మా నాయనమ్మని స్నానానికి పిలిచింది. ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదు, ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. అద్దె ఊటీ హోటల్ వాడు తీసుకున్నదాంట్లో సగం కూడా లేదు. అందుకే ఎవరైనా సీజన్‌లో ఇంతే, ఆ డబ్బుకి ఇంతకంటే ఏమొస్తుంది అంటే నేను ఒప్పుకోను. డబ్బుతో సంబంధం లేదు. వచ్చిన మనిషికి ఏం కావాలో చూడాలన్న ఆలోచన ఉందా లేదా, అంతే.

ఇంటికొచ్చాక నాన్న ఆ హోటల్‌కి ఉత్తరం రాశారు. తిట్టలేదు. ఏ తేదీన ఏం రాసిచ్చారు, ఏం ఇచ్చారు, ఎంత తేడా, పెద్దావిడకి ఏమైంది, అన్నీ వరసగా రాసి, ఒక రోజు అద్దె తిరిగి పంపమని అడిగారు. రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంట్ డ్యూ. ఉత్తరం అందినట్టు కార్డు సంతకంతో తిరిగొచ్చింది, డబ్బు రాలేదు, జవాబూ రాలేదు. మళ్ళీ రాశారు, మళ్ళీ కార్డే వచ్చింది. తెలిసిన ప్లీడరు గారిని అడిగితే, వినియోగదారుల ఫోరంలో వెయ్యొచ్చండీ, కానీ 1986 చట్టం ప్రకారం అవతలివాళ్ళు వ్యాపారం చేసే చోటో, గొడవ జరిగిన చోటో వెయ్యాలి, వాయిదాలకి మీరు నీలగిరి వెళ్ళాలి అన్నారు. 450 రూపాయల కోసం తెనాలి నుంచి వాయిదా వాయిదాకీ ఊటీ ఎవరు వెళ్తారు? హోటల్ వాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. టూరిస్టుల్ని మోసం చేసేవాళ్ళ ధైర్యమంతా అదే, వీళ్ళు మళ్ళీ రారు అని. 2019లో వచ్చిన కొత్త చట్టం, 2020 జూలై నుంచి అమల్లో ఉంది, దాంతో మనం ఉండే ఊళ్ళోనే కేసు వెయ్యొచ్చు. ఆ వార్త పేపర్లో చదివి నాన్న నాకు ఫోన్ చేశారు. ఊటీ పేరెత్తలేదు. చట్టం మార్చారమ్మా, మంచి పని చేశారు అన్నారు. నాకు అర్థమైంది.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఊటీ అంటే కొండ రైలు, మబ్బులు, కూనూరు పెద్దావిడ, ఇవే చెప్పేది, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ. ఆ గది సంగతి మా ఇంట్లో ఎవరం పైకి మాట్లాడుకోలేదు, నాన్న ముందు అసలే కాదు. దగా చేసింది వాళ్ళు, తలవంపు మోసింది మా నాన్న. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆ మేనేజరు మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. గది బాగోలేకపోవడం పెద్ద విషయం కాదు, పిల్లలం కాబట్టి మేము రెండ్రోజుల్లో మర్చిపోయేవాళ్ళం. కన్నతల్లి ముందు, భార్యాబిడ్డల ముందు ఒక నిజాయితీపరుడి కాగితాలు చేత్తో పక్కకి నెట్టెయ్యడం ఉంది చూశారా, అది మర్చిపోయేది కాదు.

ఇప్పుడు అమ్మానాన్నల ప్రయాణాలన్నీ నేనే బుక్ చేస్తాను. ఫోన్లో ఫోటోలు, జనం రాసిన రివ్యూలు అన్నీ ఉంటాయి, అయినా నేను ఫోన్ చేసి మాట్లాడతాను. కిటికీ ఎటువైపు, దాని ఎదురుగా ఏముంది, వేడినీళ్ళు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఇచ్చేది ఈ గదేనా వేరేదా, నంబరు ఎంత. కొందరు విసుక్కుంటారు, వాళ్ళ దగ్గర బుక్ చెయ్యను. వచ్చే ఫిబ్రవరికి, సీజన్ కాకుండా, వాళ్ళిద్దరికీ కూనూరులో గది తీసుకున్నాను. పాత లాడ్జి లేదు, ఇది వేరే చోటు, లోయవైపు కిటికీ. కొండ రైలుకి కూడా టికెట్లు దొరికాయి. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి వాటికి ఇంకా గిరాకీ పెరిగింది, రిజర్వేషన్ తెరవగానే అయిపోతాయి. గది ఫోటోలు పంపిస్తే అమ్మ చూసి, కిటికీ దగ్గర కుర్చీ కూడా ఉందే అంది. నాన్న ఫోన్ తీసుకుని, గది నంబరు వాళ్ళ చేత మెయిల్లో రాయించుకున్నావా అని అడిగారు. రాయించుకున్నాను నాన్నా, ప్రింటు తీసి కొరియర్లో పంపిస్తున్నాను అన్నాను. కొరియర్ ఎందుకమ్మా, స్పీడ్ పోస్టులో పంపించు అన్నారు.